వెలుగు కాలువలో వంతులు

– ఒక తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి (గణితం, భౌతికం, ఎలక్ట్రానిక్స్)

మాది గోదావరి డెల్టాలో ఒక శివారు గ్రామం. శివారు అంటే ఏమిటో రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కర్లేదు. కాలువ ఎక్కడ అయిపోతుందో అక్కడ మా చేలు మొదలవుతాయి. సార్వాకు ఫరవాలేదు గాని, దాళ్వాలో నీరు చాలనప్పుడు వంతులవారీ విధానం పెడతారు. ఫలానా బోదెకు ఫలానా రోజులు అని లెక్క. వంతు వచ్చిందంటే చేనుకు అవసరం వున్నా లేకపోయినా తూము తెరిచే వుంటుంది. పై రైతు అప్పుడే ఎరువు చల్లి వుంటాడు, అతనికి ఆ పూట నీరు అక్కర్లేదు. ఆ నీరు కాస్తా మురుగు కాలువలో కలుస్తుంది. కింద మా మడి నెర్రెలు విచ్చుతూ వుంటుంది. "వాడి వంతు వాడిదిరా, మనం అడగడానికి లేదు" అంటారు నాన్న.

టెలిఫోను జాలాల గురించి రాస్తానని ఈ నీళ్ళ గొడవ ఏమిటి అంటారేమో. ఈ రెండూ ఒకే గొడవ అని నాకు మూడేళ్ళ క్రితం తెలిసింది. ఇంటరు పాసై, డిగ్రీ కాలేజీల కోసం ఆన్‌లైన్‌లో ఐచ్ఛికాలు నమోదు చేసుకునే రోజులవి. గడువు రెండు రోజులుందనగా మా వూళ్ళో ఫోన్లన్నీ మూగబోయాయి. రోడ్డు వెడల్పు చేస్తున్న పొక్లెయిన్ భూమిలోని గాజుపోగు తీగను తెంపేసింది. ఒక్క దెబ్బతో నాలుగు వూళ్ళకు లోకంతో సంబంధం లేదు. ఆఖరి రోజున నాన్న పనులు మానుకుని నన్ను బండి మీద టౌనుకు తీసుకుపోయారు. చీకటి పడేవేళకు ఒక నెట్ సెంటర్లో నా పని అయింది. తిరిగి వస్తుంటే రోడ్డు పక్క గోతిలో దీపం పెట్టుకుని ఒకాయన వెంట్రుకల్లాంటి పోగులను అతుకుతున్నాడు. "టౌనులో ఇలా ఎప్పుడూ పోదేమండీ?" అని అడిగాను. "వాళ్ళకు రింగు వుంది బాబూ, మీది ఒంటి దారి" అన్నాడాయన.

ఆ రింగు ఏమిటో తెలుసుకుందామని మొదలుపెట్టి చదివినదే ఈ వ్యాసం.

నడిమి కాలువ

టెలిఫోను జాలాన్ని మూడు అంతస్తులుగా చూడవచ్చు. ఇంటి నుంచి, టవరు నుంచి దగ్గరి ఎక్స్ఛేంజి దాకా వున్నది పంట బోదె. నగరం నుంచి నగరానికి పోయేది ప్రధాన కాలువ. ఈ రెంటి నడుమ, ఒక నగరంలోనూ దాని చుట్టుపక్కలా వున్న ఎక్స్ఛేంజీలను కలిపేది నడిమి కాలువ. దీనినే మెట్రో జాలం అంటారు. దూరాలు పదుల కిలోమీటర్లే, కాని చిక్కంతా ఇక్కడే వున్నది. వేలాది సన్నని ధారలు ఇక్కడ కలవాలి, ఇక్కడే విడిపోవాలి.

మొదట ఇందులో పారింది మాటలే. మనిషి గొంతులో 3,400 హెర్ట్జ్ దాకా వున్న కంపనాలు అందితే మాట స్పష్టంగా అర్థమవుతుంది. ఆ స్వరాన్ని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లలో రాస్తే, ఒక సంభాషణకు సెకనుకు 64,000 బిట్లు అవుతాయి. రెండు కొలతల మధ్య కాలం 125 మైక్రోసెకన్లు. అంతసేపు తీగ ఖాళీగా వుండటమెందుకు? ఆ వ్యవధిని 32 గడులు చేసి, 30 గడులు 30 సంభాషణలకు ఇచ్చారు. మిగిలిన రెండు కాలం సరిచూసుకోవడానికీ, సంకేతాలకూ. మొత్తం సెకనుకు 20,48,000 బిట్లు. దీనినే 2 మెగాబిట్ల ధార అంటారు. మన దేశంలో ఇటువంటి మొదటి ఏర్పాటు 1975లో బొంబాయి నగరానికీ అంధేరీకీ మధ్య వచ్చింది.

ఇది అచ్చంగా వంతులవారీ విధానమే. ఎవరి గడి వారిది. మీరు ఫోను పట్టుకుని మౌనంగా కూర్చున్నా మీ గడి మీకోసం ఖాళీగానే పోతుంది. అయితే మాటలకు ఇది బాగానే సరిపోయింది. సంభాషణ వున్నంతసేపూ ధార సమంగా వుంటుంది, ఆలస్యం వుండదు, హామీ వుంటుంది.

గాజుపోగు వచ్చింది

రాగి తీగకు హద్దు వుంది. 1966లో ఇంగ్లండులో పనిచేస్తున్న చార్లెస్ కావ్, జార్జి హాక్‌హామ్ ఒక వ్యాసం ప్రచురించారు. గాజులోని మలినాలు తీసేస్తే, కిలోమీటరుకు 20 డెసిబెల్ కన్న తక్కువ నష్టంతో కాంతిని పంపవచ్చునని వారు చూపారు. 20 డెసిబెల్ అంటే కిలోమీటరు చివర నూటికి ఒక వంతు కాంతి మిగలడం. అదే పెద్ద ఆశ ఆనాడు! 1970లో అమెరికాలో కార్నింగ్ సంస్థ పరిశోధకులు ఆ హద్దు దాటారు. ఈనాటి పోగులో 1,550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద నష్టం కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ మాత్రమే. అనగా 15 కిలోమీటర్లు పోయాక కూడా సగం వెలుగు మిగిలే వుంటుంది. కావ్‌గారికి 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఎక్స్ఛేంజీల మధ్య మొదటి గాజుపోగు 1979లో పూనాలో పడింది.

కాలువ వెడల్పయింది గనుక, 2 మెగాబిట్ల ధారలను నాలుగేసి చొప్పున కలుపుతూ 8, 34, 140 మెగాబిట్ల ధారలు చేశారు. ఇక్కడొక తిరకాసు వచ్చింది. ఒక్కో ఎక్స్ఛేంజి గడియారం ఒక్కో రకంగా, వెంట్రుకవాసి తేడాతో నడుస్తుంది. ఆ తేడా సరిపెట్టడానికి అక్కడక్కడ ఉత్తుత్తి బిట్లు కూరేవారు. దాంతో పెద్ద ధారలో ఎవరి బిట్లు ఎక్కడున్నదీ నేరుగా తెలియదు. లారీలో అడుగున వున్న మన ధాన్యం బస్తా ఒక్కటి దించాలంటే బస్తాలన్నీ దించి, అది తీసుకుని, మళ్ళీ అన్నీ ఎక్కించినట్లు! ప్రతి ఎక్స్ఛేంజిలోనూ 140 నుంచి 34కూ, 34 నుంచి 8కీ, 8 నుంచి 2కూ విప్పే యంత్రాల బీరువాలు బారులు తీరేవి.

ఈ బాధ తీర్చడానికి అమెరికాలో సోనెట్, 1988 నాటికి అంతర్జాతీయ ప్రమాణంగా ఎస్.డి.హెచ్. వచ్చాయి. ఇందులో యంత్రాలన్నీ ఒకే గడియారాన్ని అనుసరిస్తాయి. ఫ్రేము అనే పట్టికలో 9 వరుసలు, 270 నిలువు గడులు, గడికి 8 బిట్లు. అటువంటి ఫ్రేములు సెకనుకు 8,000. గుణించి చూడండి, 15,55,20,000 బిట్లు వస్తాయి. ఎవరి సరుకు ఏ గడిలో మొదలవుతుందో చెప్పే సూచిక పట్టికలోనే వుంటుంది. కాబట్టి కావలసిన బస్తా మాత్రమే లాగి, ఆ ఖాళీలో ఇంకొకటి పెట్టవచ్చు.

రింగులు విరివిగా వచ్చింది దీనితోనే. నగరంలోని ఎక్స్ఛేంజీలను హారంలా చుట్టి కలుపుతారు. రక్షణ కావలసిన ధారను రెండువైపులా పంపుతారు. ఒకవైపు పోగు తెగితే, అవతలి యంత్రం రెండోవైపు ప్రతిని అందుకుంటుంది. తెగినట్లు గుర్తించాక మారడానికి పట్టే గడువు 50 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఇరవయ్యో వంతు. మాట్లాడేవారికి చిటుక్కుమని వినబడితే గొప్ప. టౌను వాళ్ళకు పొక్లెయిన్ దెబ్బ ఎందుకు తెలియదో నాకు ఇక్కడ బోధపడింది.

సరుకు మారిపోయింది

అంతా బాగున్నదనుకునేలోపల కాలువలో పారే సరుకే మారింది. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందింది. ఇంటర్నెట్ పునాది వేరు. 1960లలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఒకరికొకరు తెలియకుండానే ఒకే ఆలోచన చేశారు. సమాచారాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, ఒక్కొక్క దాని మీద చిరునామా రాసి వదలడమే ఆ ఆలోచన. ఆ పొట్లమే ప్యాకెట్. దారిలో ఎవరికీ గడి కేటాయింపు లేదు, ఖాళీ వున్నప్పుడల్లా ఎవరి పొట్లమైనా పోవచ్చు. 1973లో జిరాక్స్ సంస్థలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఆలోచించిన ఈథర్నెట్ కూడా పొట్లాల పద్ధతే. మన కాలేజీ కంప్యూటర్ ల్యాబులో గోడకు వున్న సాకెట్టు అదే.

మాటకూ డేటాకూ తేడా ఏమిటంటే, మాట పిల్లకాలువలా సమంగా పారుతుంది, డేటా జడివానలా పడుతుంది. పేజీ తెరిచినప్పుడు ఒక్క విసురు, చదువుతున్నంతసేపూ శూన్యం. అలాంటి దానికి శాశ్వతంగా గడి కేటాయిస్తే ఎక్కువసేపు ఖాళీయే పారుతుంది.

పైగా కొలతలు కూడా కుదరలేదు. ఈథర్నెట్ వేగాలు 10, 100, 1,000 మెగాబిట్లు. ఎస్.డి.హెచ్. బుట్టలు మాటల లెక్కతో అల్లినవి. 1,000 మెగాబిట్ల ఈథర్నెట్‌ను పట్టే ఒంటి బుట్ట కావాలంటే సుమారు 2,396 మెగాబిట్లది వాడాలి. సగానికి పైగా దండగ. దీనికి విరుగుడుగా, చిన్న బుట్టలు కొన్నిటిని లెక్కలో మాత్రం ఒకటిగా కట్టే పద్ధతి తెచ్చారు. 149.76 మెగాబిట్ల బుట్టలు ఏడు కడితే 1,048 మెగాబిట్లు అవుతాయి. ఇందులో నూటికి 95 వంతులు సద్వినియోగం. బుట్టల సంఖ్యను ధార ఆపకుండానే పెంచే, తగ్గించే ఏర్పాటు కూడా 2001 ప్రాంతంలో వచ్చింది.

కొలత కుదిరింది, కాని వంతు వంతుగానే వుండిపోయింది. కట్టిన బుట్టలు ఖాళీగా పోతున్నా పక్కవాడు వాడుకోవడానికి లేదు.

వెలుగుకు రంగులు

ఇదే కాలంలో ఇంకో వైపు నుంచి పరిష్కారం వచ్చింది. ఒకే పోగులో వేర్వేరు తరంగదైర్ఘ్యాల కాంతిని, అంటే కంటికి కనబడని వేర్వేరు రంగులను, ఏకకాలంలో పంపవచ్చు. ఒకదానితో ఒకటి కలియవు. ఎర్బియమ్ అనే మూలకం కలిపిన పోగు కాంతిని నేరుగా పెద్దది చేస్తుందని 1987లో రుజువైంది. అన్ని రంగులనూ ఒక్కసారే, మధ్యలో విద్యుత్తుగా మార్చకుండానే పెంచుతుంది. ఇప్పుడు ఒక పోగులో 80కి పైగా రంగులు, రంగుకు 100 గిగాబిట్లు పంపడం వింత కాదు. ఏ రంగు ఏ ఎక్స్ఛేంజిలో దిగాలో దూరాన కూర్చుని మార్చగల పరికరాలూ వచ్చాయి.

అయితే రంగు చాలా పెద్ద కొలత. ఎకరం చేనుకు ప్రధాన కాలువ లాకు ఎత్తరు గదా! 100 మెగాబిట్లు చాలునన్న ఆఫీసుకు 10 గిగాబిట్ల రంగు ఇస్తే ఎవరు భరిస్తారు? అందుకని రంగుకూ పొట్లానికీ మధ్య ఒక పెట్టె అవసరమైంది. 2001లో వచ్చిన ఓ.టి.ఎన్. ప్రమాణం ఆ పెట్టెలను నిర్ణయించింది. ఇందులో ప్రతి 239 బైట్లకూ 16 తనిఖీ బైట్లు చేర్చుతారు. ఆ 255లో 8 బైట్ల దాకా చెడిపోయినా అవతలివైపు లెక్క కట్టి సరిదిద్దుకుంటుంది. మన బీజగణితం ఇలా అన్నం పెడుతుంది! గిగాబిట్ ఈథర్నెట్‌కు సరిగ్గా పట్టే 1.25 గిగాబిట్ల చిన్న పెట్టె మాత్రం 2009లో చేరింది.

పొట్లాన్ని ఎరిగిన కాలువ

ఇంతవరకూ చెప్పిన రవాణా యంత్రాలకు తమలో పారేది ఏమిటో తెలియదు. బిట్లు లెక్కపెట్టి మోస్తాయి, అంతే. పొట్లం ఎక్కడ మొదలైంది, ఎవరిది, ఎంత తొందరది, అసలు పొట్లం వున్నదా లేక ఖాళీయా అన్నది వాటికి పట్టదు. ఈ అజ్ఞానాన్ని పోగొట్టడమే "పొట్లాన్ని ఎరిగిన కాంతి రవాణా" అనే మాటకు అర్థం.

ఒక లెక్క చూద్దాం. ఒక రింగు మీద 16 టవర్లున్నాయనుకోండి. ఒక్కొక్కదానికి రద్దీ వేళ 100 మెగాబిట్లు కావాలి, సగటున 20 చాలు. వంతుల పద్ధతిలో 1,600 మెగాబిట్లు కేటాయించాలి, ఒక గిగాబిట్ కాలువ చాలదు. కాని అన్ని టవర్లకూ ఒకే క్షణంలో రద్దీ రావడం అరుదు. సగటుల మొత్తం 320 మాత్రమే. పొట్లాలను ఎరిగిన యంత్రం ఖాళీలను మోయదు గనుక, అందరూ ఆ ఒక్క గిగాబిట్‌లోనే సర్దుకుంటారు.

సర్దుకోవడం అనగానే శివారు వాడికి భయం వేస్తుంది. వేయాలి కూడా. వంతులు తీసేస్తే పైవాడే అంతా తోడుకోడా? ఇంజనీర్లు దీనికి మంచి జవాబు చెప్పారు. ప్రతి టవరుకూ ఒక హామీ వేగం, దానిపైన ఒక అదనపు వేగం నిర్ణయిస్తారు. పైన చెప్పిన 16 టవర్లకు 50 మెగాబిట్ల చొప్పున హామీ ఇస్తే మొత్తం 800, గిగాబిట్‌లోపే వుంది. హామీ లోపలి పొట్లాలకు ఆకుపచ్చ గుర్తు వేస్తారు, అవి పోయి తీరాలి. హామీ దాటి అదనం లోపల వున్నవాటికి పసుపు గుర్తు, చోటుంటే పోతాయి, ఇరుకైతే ముందు వాటినే వదిలేస్తారు. అదీ దాటితే ఎరుపు, వాకిట్లోనే ఆపేస్తారు. ఒకడు వాడుకోని హామీ ఆ క్షణానికి ఇంకొకడికి పనికొస్తుంది, అడిగిన మరుక్షణం సొంతదారుకే తిరిగి వస్తుంది. హామీల మొత్తం కాలువ పట్టే నీటికి మించకూడదు, అదొక్కటే షరతు. ఆ షరతు తప్పితే మాత్రం మళ్ళీ శివారుకే దెబ్బ.

మరి ఈథర్నెట్‌నే నేరుగా నగరమంతా పరిస్తే పోదా? అది ఒక భవనంలో పుట్టినది. దారి తెగితే దాని మొదటి పద్ధతిలో కొత్త దారి వెతుక్కోవడానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 50 మిల్లీసెకన్లకు అలవాటుపడ్డవారు దీన్ని ఒప్పుకుంటారా? తీగ ఎక్కడ పాడైందో చెప్పే తెలివీ దానికి మొదట లేదు. అందుకని పొట్లాల పొదుపూ, పాత పద్ధతి క్రమశిక్షణా కలిసిన మార్గాలు వెతికారు. ఒకటి 2009లో ఈథర్నెట్ వైపు నుంచి వచ్చింది. రెండవది ఎం.పి.ఎల్.ఎస్.-టి.పి. దీని విషయంలో టెలిఫోను ప్రమాణాల సంస్థకూ ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థకూ తగవు వచ్చి, 2008లో కలిసి పనిచేయడానికి ఒప్పుకున్నారు. ఇందులో పొట్లం నడిచే దారిని ముందే గీస్తారు. రావడం, పోవడం ఒకే దారిన. దారి బతికే వుందని చెప్పే చిన్న పొట్లాలను సెకనుకు 300 సార్లు దాకా పంపవచ్చు. వరుసగా మూడు రాకపోతే దారి తెగిందని గ్రహించి, ముందే సిద్ధం చేసిన రెండో దారికి మారుతుంది.

ఇప్పటి మెట్రో యంత్రంలో ఈ మూడూ, అంటే రంగు, పెట్టె, పొట్లం, ఒకే బీరువాలో వుంటాయి. సూత్రం ఒక్కటే. ఇక్కడ దిగనిదాన్ని ఇక్కడ విప్పకు. రంగు మొత్తం ముందుకు పోయేదైతే వెలుగుగానే సాగనివ్వు. పెట్టె మొత్తం పోయేదైతే మూత తీయకు. కొన్ని పొట్లాలే దిగవలసివుంటే అప్పుడు చిరునామాలు చదువు. విప్పి చదివే పనికి కరెంటు ఖర్చు, యంత్రం ఖర్చు ఎక్కువ. పై అంతస్తులో దాటించగలిగినంతా లాభమే.

పాత పద్ధతితో పోయిన ఒక మంచి గుణం గడియారం. ఎస్.డి.హెచ్. ధారతోపాటే కాలం కూడా పారేది. పొట్లాలు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి, వాటిని బట్టి టైము చెప్పలేం. కాని సెల్ టవరు పౌనఃపున్యంలో తప్పు వంద కోట్లకు 50 వంతులకు మించరాదు. అందుకని ఈథర్నెట్ తీగలోనే గడియారపు లయను నడిపే పద్ధతి ఒకటి, టైము రాసిన పొట్లాలను ఇచ్చిపుచ్చుకుని ప్రయాణకాలం లెక్కగట్టే పద్ధతి ఒకటి తెచ్చారు. మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైన 5జి సేవలకు ఇవి మరీ అవసరం.

శివారు మాట

చదివినంతలో నాకు తోచినది చెప్పి ముగిస్తాను. ఏభై ఏళ్ళలో ఈ శాస్త్రం రెండు చిక్కులు విప్పింది. నీరు వృథా కాకుండా పంచుకోవడం ఎలా, పంచుకుంటూనే చివరివాడికి హామీ ఇవ్వడం ఎలా అన్నవి. కాని ఈ తెలివంతా రింగు వున్నచోటే పనిచేస్తుంది. ఒంటి దారి తెగితే ఆకుపచ్చ గుర్తు పొట్లానికైనా పోవడానికి దారేది? పల్లెల కోసం 2011లో మొదలుపెట్టిన జాతీయ గాజుపోగు పథకం తరువాత భారత్‌నెట్ అయింది. 2023లో దానిని సవరించినప్పుడు, గ్రామ పంచాయతీలను కూడా రింగులో కలపాలని నిర్ణయించారు. ఆ నిర్ణయం వెనుక మావంటి నాలుగు వూళ్ళ మూగ రాత్రులు ఎన్ని వున్నాయో! రింగుకు పోగు ఎక్కువ పడుతుంది, ఖర్చవుతుంది, నిజమే. కాని కాలువ తవ్వేటప్పుడు శివారు దాకా తవ్వాలా అని ఎవరూ అడగరు. ఆయకట్టు లెక్కలో మా చేలూ వున్నాయి గదా.

మొన్న సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు ఈ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు సంగతి నాన్నకు చెప్పాను. చేను గట్టు మీద కూర్చుని ఓపిగ్గా విన్నారు. చివరకు, "బాగానే వుందిరా. వాడుకోని వంతు కిందికి రావడం, అడిగితే తిరిగి ఇచ్చేయడం. మరి ఆ లెక్క మన తూము దగ్గర ఎవరు రాస్తారు?" అన్నారు.

గాజుపోగులో ఆ లెక్క యంత్రం రాస్తుంది. తూము దగ్గర ఎవరు రాయాలో నేను చెప్పలేకపోయాను. భౌతికం, ఎలక్ట్రానిక్స్ చదివే మనం రేపు ఏ లాకు దగ్గర నిలబడతామో తెలియదు గాని, ఎక్కడ నిలబడినా కాలువ చివరికంటా ఒకసారి నడిచి చూసి రావడం మరచిపోకూడదు.